వాడిన నీళ్లు వెనక్కి తన్నకుండా: హోటల్, హాస్టల్, ఆఫీసు బిల్డింగుల వాళ్లు చేసుకోవాల్సిన తనిఖీ

"ఎన్నార్వీ పెట్టించాం కదండీ, ఇంకేం చేయాలి?"

వారానికోసారైనా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ఎన్నార్వీ అంటే నాన్ రిటర్న్ వాల్వ్, నీళ్లను ఒకవైపే పోనిచ్చేది. హోటల్ ఓనర్లు, హాస్టల్ వార్డెన్లు, కాంప్లెక్స్ మేనేజర్లు. ఫుడ్ సేఫ్టీ వాళ్లొచ్చి నీళ్ల రిపోర్టు అడిగినప్పుడో, హాస్టల్లో ఒకేరోజు నలుగురైదుగురికి వాంతులు పట్టుకున్నప్పుడో టెన్షన్ మొదలవుతుంది. ఒక్కొక్కరికీ ఫోన్లో విడమరిచి చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. హైదరాబాద్ బిల్డింగులను మనసులో పెట్టుకుని రాశాను. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా సంపు, బోరు, ట్యాంకర్ కథ పెద్దగా మారదు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పైపులో నీళ్లు వెనక్కి రావడానికి కారణాలు రెండే. ఒకటి, ముందున్న లైన్లో ప్రెషర్ పడిపోయి మీ వైపు నీళ్లను పీల్చుకోవడం. మన దగ్గర మునిసిపల్ నీళ్లు రోజంతా రావు. వదిలిన కాసేపు వచ్చి ఆగిపోతాయి. అలా ఖాళీ అవుతున్న పైపు స్ట్రాలాగా పనిచేస్తుంది, చివర ఏది మునిగి ఉంటే దాన్ని లాగేస్తుంది. రెండోది, మీ వైపే ప్రెషర్ ఎక్కువై నెట్టడం. 10 మీటర్ల ఎత్తు నీళ్లు దాదాపు ఒక బార్ ప్రెషర్ ఇస్తాయి. ఐదంతస్తుల మీద ట్యాంకు పెట్టి, దాన్ని ఎక్కడో ఒకచోట వీధి లైనుకు కలిపి ఉంచితే ఎవరు ఎవర్ని నెడతారో మీరే ఊహించండి.

ఇది చిన్న విషయం కాదు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన చూడటానికి వెళ్లినవాళ్లు దిగిన హోటళ్లలో, ప్లంబింగ్ లోపాల వల్ల మురుగు మంచినీళ్లలో కలిసి అమీబిక్ డిసెంటరీ పాకింది. 98 మంది చనిపోయారు. అవి పేరున్న పెద్ద హోటళ్లే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- టీడీఎస్ పెన్ను ఒకటి (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది)
- క్లోరిన్ చూసే కిట్టు (చుక్కలు వేస్తే పసుపుపచ్చగానో గులాబీగానో మారేది, ఏదైనా సరే)
- హెచ్‌టూఎస్ సీసాలు ఐదారు. మలం కలిసిన నీళ్లు పోసి ఉంచితే నల్లబడేవి
- వంటల్లో వేసే రంగు. రంగోలీ రంగు, హోలీ రంగు వద్దే వద్దు
- కొలత టేపు, టార్చి, తెల్ల బకెట్టు, మార్కర్, రంగుల టేపులు
- పెద్ద చార్టు కాగితం
- అన్నిటికంటే ముఖ్యంగా, ఆ బిల్డింగులో ఎక్కువ కాలం పనిచేసిన ప్లంబరు. ఇప్పుడు మానేసినా సరే, ఒక పూట కూలి ఇచ్చి పిలిపించండి

1. మీటరు దగ్గర్నుంచి నడవండి, బొమ్మ గీయండి

బిల్డర్ ఇచ్చిన డ్రాయింగ్ పక్కన పెట్టండి. అది కట్టబోయే ముందు గీసింది. ఆ తర్వాత మీ బిల్డింగులో ఎన్ని టీలు (పైపును చీల్చే టీ జాయింట్లు) పడ్డాయో దానికి తెలియదు.

మునిసిపల్ మీటరు దగ్గర మొదలుపెట్టి పైపు వెంట నడవండి. సంపు, మోటారు, టెర్రస్ ట్యాంకు, అక్కడి నుంచి దిగే ఒక్కో లైను, చివరి కుళాయి దాకా. బోరు లైను, ట్యాంకర్ పోసే పైపు, ఫైర్ ట్యాంకు, ఫ్లష్ లైను, ఎస్టీపీ (మురుగు శుద్ధి చేసే ప్లాంటు) నీళ్లు, ఏసీ కూలింగ్ టవర్, ఒక్కోదానికి ఒక్కో రంగు వాడండి. రెండు రంగులు కలిసిన ప్రతిచోటా సున్నా చుట్టండి. అక్కడ వాల్వ్ మూసి ఉన్నా సరే, చుట్టాల్సిందే.

ప్లంబర్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఎండాకాలంలో నీళ్లు రానప్పుడు ఏ వాల్వ్ తిప్పుతావు?" బిల్డింగులో దాగున్న అడ్డదారులన్నీ ఈ ప్రశ్నకే బయటపడతాయి. "లైన్లో ఏమైనా కలిపారా?" అని అడిగితే లేదంటాడు. ఈ ప్రశ్న అడిగితే తీసుకెళ్లి చూపిస్తాడు.

మునిసిపల్ లైనుకే నేరుగా మోటారు బిగించి ఉంటే ఈ రోజే తీసేయండి. 2025 వేసవిలో హైదరాబాద్ జలమండలి వీటి కోసమే ప్రత్యేకంగా తనిఖీలు పెట్టి మోటార్లు జప్తు చేసింది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, మోటారు పీల్చినప్పుడు వీధిలో పాత పైపు జాయింట్ల చుట్టూ నిలిచిన డ్రైనేజీ నీళ్లు లోపలికొస్తాయి. అవి మొదట చేరేది మీ సంపులోకే.

2. సంపు: తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే

సంపు మూత తీసి, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు టార్చి వేసి చూడండి. మునిసిపల్ పైపు మూతి ఎక్కడుంది? నేను చూసిన పాత సంపుల్లో చాలావాటిలో పైపు అడుగుదాకా దించి ఉంటుంది. "చప్పుడు రాదు, నీళ్లు కాస్త ఎక్కువొస్తాయి" అని మేస్త్రీ అలా పెట్టి ఉంటాడు. వీధి లైను ఖాళీ అయినప్పుడు ఆ మునిగిన పైపు గుండా మీ సంపు నీళ్లు వెనక్కి పోతాయి. మీ పక్కింటివాళ్ల పైపు కూడా అలాగే ఉంటే, వాళ్ల నీళ్లు మీకొస్తాయి.

చేయాల్సింది ఇది. పైపు మూతికి, నీళ్లు ఎక్కగల అత్యధిక మట్టానికి మధ్య గాలి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ పైపు వ్యాసానికి రెండింతలకు తగ్గకూడదు, ఎంత సన్నపైపైనా 25 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 25 మి.మీ. పైపుకు 50, 50 మి.మీ. పైపుకు 100. నీళ్లు గాలిలో ఎగిరి వెనక్కి వెళ్లలేవు కదా. స్ప్రింగూ లేదు, వాషరూ లేదు, పాడయ్యేదేమీ లేదు. నాకు తెలిసి దీన్ని మించిన కాపలా లేదు.

కొలిచేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇవాళ ఉన్న నీళ్ల మట్టం నుంచి కొలుస్తారు. అలా కాదు, ఫ్లోట్ వాల్వ్ పాడైపోయి నీళ్లు పొంగితే ఎక్కడిదాకా వస్తాయో అక్కడి నుంచి కొలవాలి. అంటే ఓవర్‌ఫ్లో పైపు మట్టం నుంచి. ఓవర్‌ఫ్లో పైపే లేకపోతే మూత అంచు నుంచి.

ఆ ఓవర్‌ఫ్లో పైపు ఎటు పోతోందో కూడా చూడండి. నేరుగా మ్యాన్‌హోల్లోకి కలిపి ఉంటే, వానలకు డ్రైనేజీ నిండిన రోజు అదే పైపులోంచి మురుగు సంపులోకి వస్తుంది. దాన్ని కోసి, నేలపైన కనబడేలా వదలండి, చివర దోమ జాలీ కట్టండి. సెల్లార్లో సంపు ఉన్నవాళ్లు మూత గట్టును నేల కంటే కనీసం జానెడు ఎత్తు లేపండి. సెల్లార్ మునిగితే జానెడు కూడా చాలదు, మూతకు రబ్బరు గాస్కెట్ వేసి బోల్టులు బిగించే రకం పెట్టండి.

హెచ్చరిక: సంపులోకి మనిషిని దించే ముందు మూతలన్నీ తీసి గంటసేపైనా గాలి ఆడనివ్వండి, బ్లోయర్ ఉంటే పెట్టండి. పైన ఒక మనిషి, నడుముకు తాడు తప్పనిసరి. లోపల పెట్రోలు ఇంజన్ పంపు వాడొద్దు. దిగినవాడు పడిపోతే కాపాడదామని రెండోవాడు గబుక్కున దూకేయడం వల్లే ఇలాంటి చోట్ల ఇద్దరేసి, ముగ్గురేసి చనిపోతారు.

3. బోరు, ట్యాంకర్, మునిసిపల్ నీళ్లు కలిసే చోటు

"వాల్వ్ మూసే ఉంచుతామండీ." ఉంచుతారు, కాదనను. అయితే గేట్ వాల్వ్ నాలుగేళ్ల తర్వాత పూర్తిగా మూసుకోదు. చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. పైగా ఎవరో ఒకరు ఏదో ఒక అర్ధరాత్రి దాన్ని తిప్పుతారు, మళ్లీ మూయడం మరిచిపోతారు.

బోరు లైనుకు, మునిసిపల్ లైనుకు మధ్య ఉన్న బైపాస్‌ని కోసేసి రెండు వైపులా ఎండ్ క్యాప్ కొట్టండి. "మరి కరువొస్తే ఎలా?" అంటారా? రెండు దారులున్నాయి. మొదటిది, బోరు నీళ్లు కూడా సంపులోకే, గాలి ఖాళీ వదిలి పైనుంచి పడేలా పెట్టుకోండి. అప్పుడు నీళ్లు కలుస్తాయి, లైన్లు కలవవు. రెండోది, రెండు యూనియన్ల (విప్పి బిగించుకునే జాయింట్ల) మధ్య మూరెడు పైపు ముక్క ఒక్కటే ఉంచండి. అది బోరుకు బిగిస్తే మునిసిపల్‌కు బిగించలేరు, దానికి బిగిస్తే దీనికి బిగించలేరు. మరిచిపోయే అవకాశమే ఉండదు.

ట్యాంకర్ గొట్టాన్ని సంపులో వేలాడదీసి వదిలేయొద్దు. ఆ గొట్టం అంతకుముందు ఏ రోడ్డు మీద పడి ఉందో ట్యాంకర్ డ్రైవరుకే తెలియాలి. గోడకు ఒక పైపు, గరాటా పెట్టి అందులో పోయమనండి.

4. టెర్రస్, ఫ్లష్ లైను: ఒక్కపూట కేటాయించండి

ఒక హాస్టల్లో నాకెదురైంది చెబుతాను. ఫ్లష్‌లకు ఎస్టీపీ నీళ్లు, స్నానాలకు వేరే లైను, రెండు ట్యాంకులు, రెండు రంగుల పైపులు, కాగితం మీద అంతా బ్రహ్మాండం. మూడో అంతస్తులో మాత్రం నీళ్లు వాసన. రెండు రోజులు వెతికితే తేలిందేమిటంటే, షాఫ్టులో (పైపులు దిగే సందులో) పైపు పగిలినప్పుడు "రెండు రోజులకే" అని పక్కనున్న ఫ్లష్ లైను నుంచి ఒక టీ వేసి నీళ్లిచ్చారు. అతికిన చోట రంగు కూడా వేశారు! అప్పటికి ఏడు నెలలు. ప్లంబింగ్‌లో టెంపరరీ అంత పర్మనెంటు ఇంకోటి లేదు.

రంగులు చూసి నమ్మకండి, లైను మూసి చూడండి. పద్ధతి ఇదీ:

అ) ఆదివారమో రాత్రో, వాడకం లేని వేళ పెట్టుకోండి. రెండు ట్యాంకులూ నిండుగా ఉండాలి. ప్రెషర్ పంపు ఉంటే మంచినీళ్ల వైపుది ఆపేయండి.

ఆ) మంచినీళ్ల ట్యాంకు నుంచి దిగే వాల్వులన్నీ మూయండి. ఒక్కో షాఫ్టుకు ఒక్కో వాల్వ్ ఉంటుంది, ఒకటి మూసి అయిపోయిందనుకోవద్దు. ఫ్లష్ లైను మాత్రం ఎప్పటిలా నడుస్తూ ఉండాలి.

ఇ) అన్నిటికంటే కింది అంతస్తులో ఒక కుళాయి, పై అంతస్తులో ఒక కుళాయి తెరవండి. పైది గాలి పోవడానికి. లైను ఖాళీ అయ్యేదాకా ఆగండి.

ఈ) ఇరవై నిమిషాల తర్వాత ప్రతి అంతస్తులో ప్రతి మంచినీళ్ల కుళాయీ తిప్పి చూడండి. పొడిగా ఉండాలి. ధార వస్తే ఎక్కడో ఫ్లష్ లైను కలిసి ఉంది.

ఉ) ఇప్పుడు తిరగేయండి. ఫ్లష్ లైను మూసి, మంచినీళ్లు వదిలి, టాయిలెట్లలోని ఫ్లష్ ట్యాంకుల్లోకి నీళ్లొస్తున్నాయేమో చూడండి.

సన్నగా చుక్కలు మాత్రమే వస్తే వెంటనే కంగారు పడకండి, మూసిన వాల్వే సరిగ్గా మూసుకోక నీళ్లు వదులుతుండొచ్చు. తేల్చుకోవడానికి టెర్రస్ మీది ఫ్లష్ ట్యాంకులో వంట రంగు కలిపి, ఆ చుక్కల్ని తెల్ల బకెట్లో పట్టండి. రంగు కనబడితే కలిసినట్టే. కనబడకపోతే వాల్వ్ మార్చి మళ్లీ చేయండి, అనుమానంతో వదిలేయొద్దు.

టెర్రస్ మీదే ఇంకో మూడు చూడండి. పక్కపక్కనున్న రెండు ట్యాంకుల్ని కింద ఒక పైపుతో కలిపి మట్టం సమానం చేసుకునే అలవాటుంది. వాటిలో ఒకటి ఫ్లష్‌ది అయితే ఆ పైపు తీసేయండి. సిమెంటు ట్యాంకును మధ్య గోడతో రెండు గదులు చేసి, ఒకటి మంచినీళ్లకు, ఒకటి ఫ్లష్‌కు వాడుతుంటే ఆ గోడలో పగులు కోసం వెతకండి. మూడోది ఎవరికీ తట్టదు: సోలార్ హీటర్. వేడినీళ్లు బోరు ట్యాంకు నుంచి, చన్నీళ్లు మునిసిపల్ ట్యాంకు నుంచి వచ్చే బిల్డింగుల్లో, స్నానాల గదిలో వేడి చన్నీళ్లు కలిపే మిక్సరే అడ్డదారి అవుతుంది. మిక్సర్ తెరిచి ఉంచి, దాని తర్వాత షవరు దగ్గర చేత్తో ఆపితే ప్రెషర్ ఎక్కువున్న లైను తక్కువున్నదానిలోకి లోపల్లోపలే వెళ్లిపోతుంది. సోలార్‌కు కూడా మంచినీళ్ల ట్యాంకు నుంచే లైనివ్వడం ఒక్కటే సరైన మందు.

5. కుళాయి చివర

ఇక్కడ పని తేలిక, అలవాటు మార్చడం కష్టం.

హోస్ పైపును ఫినాయిల్ బకెట్లోనో, అంట్లు తోమే సింకులోనో ముంచి వదలొద్దు. గోడకు కొక్కెం కొట్టి తగిలించండి. హోస్ బిగించే కుళాయికి చిన్న వాక్యూమ్ బ్రేకర్ (లైను పీల్చినప్పుడు గాలి లోపలికి వదిలేది) తగిలిస్తే ఇంకా మంచిది. కడిగే సింకుల్లో, కుండీల్లో కుళాయి మూతి అంచు కంటే పైనుండాలి. పొట్టి కుళాయికి రబ్బరు గొట్టం తొడిగి లోపలికి దింపడం వంటగదుల్లో మామూలే, దాన్ని అంచుదాకా కోసేయండి. హెల్త్ ఫాసెట్ కమోడ్ లోపల వేలాడకూడదు. ఆర్వో వృథా నీళ్ల పైపు, డిష్‌వాషర్ డ్రెయిన్ పైపు కాలువలోకి నేరుగా గుచ్చి ఉంటే పైకి లాగి, గాలి ఖాళీ వదిలి గరాటాలో పడేలా చేయండి.

సోడా, కూల్‌డ్రింకు మెషీన్లున్న హోటళ్లవాళ్లు ఒకటి గమనించాలి. గ్యాసు కలిసిన నీళ్లు వెనక్కొచ్చి రాగి పైపుల్లో నిలిస్తే రాగి కరుగుతుంది. ఆ నీళ్లు తాగితే వాంతులు. మెషీను వెనక రాగి పైపు వద్దు, స్టీలో ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్కో వేయించండి.

6. ఏ పరికరం ఎక్కడ

ఇప్పుడు ఎన్నార్వీ సంగతికి వద్దాం. అది మోటారు ఆగాక పైపులో నీళ్లు దిగిపోకుండా పెట్టేది. ఆరోగ్యానికి కాపలా కాదు. ఒక ఇసుక రేణువో, టెఫ్లాన్ టేపు పోగో అడ్డం పడితే దాని రెక్క మూసుకోదు. మూసుకోలేదని బయటికి తెలిసే దారి కూడా ఉండదు. ఉంచండి, దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

డబుల్ చెక్ వాల్వ్‌లో రెండు రెక్కలు, పరీక్షించడానికి చిన్న కుళాయిలు ఉంటాయి. రంగు, రుచి చెడే స్థాయి ప్రమాదానికి అది సరిపోతుంది. ఫైర్ లైనుకు మామూలుగా ఇదే వాడతారు. కెమికల్ కలిపిన నీళ్లయితే అది చాలదు.

కెమికల్ డోసింగ్ ఉన్న కూలింగ్ టవర్, బాయిలర్, ల్యాబు, ఆస్పత్రి పరికరాలు, వీటికి ఆర్పీజెడ్ (రెడ్యూస్డ్ ప్రెషర్ జోన్) రకం వాల్వ్ కావాలి. రెండు రెక్కల మధ్య ఒక రిలీఫ్ వాల్వ్ ఉండి, ఏది చెడినా నీళ్లు బయటికి వదిలేస్తుంది. అలా కారుతుంటే "లీకేజీ" అని దాని మూతికి డమ్మీ కొట్టి మూసేసినవాళ్లను చూశాను! అది కారడమే దాని పని, లోపల ఏదో చెడిందని చెబుతోంది. దీన్ని గుంటలో పెట్టొద్దు, నేలకు అడుగు ఎత్తున, పక్కనే డ్రెయిన్ ఉండేలా పెట్టండి. ఏడాదికోసారి గేజితో పరీక్ష చేయించాలి.

వాక్యూమ్ బ్రేకర్ పీల్చుడును ఆపుతుంది, నెట్టుడును ఆపదు. మామూలు రకాన్ని అన్నిటికంటే ఎత్తైన అవుట్‌లెట్ కంటే 150 మి.మీ. పైన పెట్టాలి, దాని తర్వాత వాల్వ్ ఉండకూడదు.

నన్నడిగితే, మన దగ్గర ఆర్పీజెడ్ కంటే బ్రేక్ ట్యాంకే మేలు. చిన్న ట్యాంకు ఒకటి పెట్టి, పైనుంచి గాలి ఖాళీతో నీళ్లు పడనిచ్చి, అక్కడి నుంచి వేరే పంపుతో కూలింగ్ టవర్‌కు ఇవ్వండి. స్థలం, ఒక పంపు ఖర్చు అవుతాయి. కానీ ఏ ప్లంబరైనా బాగుచేయగలడు, చెడితే కంటికి కనబడుతుంది.

అమెరికాలో హోటళ్లు నడిపే మనవాళ్లకు మాత్రం ఈ ఎంపిక అంతగా ఉండదు. అక్కడ చాలా ఊళ్లలో ఏ కనెక్షన్‌కు ఏ పరికరమో నీళ్ల సంస్థే చెబుతుంది. ఏటా లైసెన్సు ఉన్న టెస్టరు చేత పరీక్ష చేయించి రిపోర్టు పంపమని ఉత్తరం వస్తుంది. ఆ ఉత్తరాన్ని ప్రకటన కాగితమనుకుని పక్కన పడేయకండి, గడువు దాటితే నీళ్లు కట్ చేసే అధికారం వాళ్లకుంటుంది.

7. ఫలితం సరిగ్గా ఉందో లేదో చూడటం

టీడీఎస్: మునిసిపల్ నీళ్లు వచ్చేటప్పుడు మీటరు దగ్గర కొలవండి. బోరు దగ్గర కొలవండి. తర్వాత వంటగది కుళాయి. ఉదాహరణకు మునిసిపల్ 200, బోరు 1000, వంటగదిలో 400 వచ్చిందనుకోండి, అందులో నాలుగో వంతు బోరు నీళ్లున్నట్టు. మీరు బోరు కలపడం లేదనుకుంటుంటే, ఎక్కడో కలుస్తోంది. అయితే టీడీఎస్ పెన్ను క్రిములను చూపించదు. "టీడీఎస్ 80 వచ్చింది, నీళ్లు సూపర్" అనేవాళ్లకు ఇది చెప్పండి.

క్లోరిన్: సంపులో, టెర్రస్ ట్యాంకులో, చివరి కుళాయిలో ఒకే రోజు చూడండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్లలో కుళాయి దగ్గర కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకులో ఉండి, ఒకే ఒక్క అంతస్తులో సున్నా వస్తే అనుమానం ఆ అంతస్తు పైపు మీద పెట్టండి. కిట్టు ద్రావణం గడువు తేదీ చూసుకోండి. పాత ద్రావణం తప్పు అంకె చూపించొచ్చు.

హెచ్‌టూఎస్ సీసా: గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచండి. నల్లబడితే మలం కలిసిందన్న అనుమానం బలంగా ఉన్నట్టు, ల్యాబుకు వెళ్లాలి. నల్లబడకపోయినా ల్యాబు రిపోర్టుకు అది బదులు కాదు.

ల్యాబు: ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్నదాన్నే ఎంచుకోండి, సీసా వాళ్ల దగ్గరే తీసుకోండి. క్లోరిన్‌ను తటస్థం చేసే పొడి అందులో వేసి ఉంటుంది, కడగకండి. కుళాయి మూతి స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి పట్టండి. ఐసు పెట్టెలో అదే రోజు చేర్చండి. రిపోర్టులో మొదట చూడాల్సింది ఈ.కోలి, అంటే మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా: 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు.

ఇక్కడ పెద్ద మోసం మనకు మనమే చేసుకుంటాం. ఆర్వో దగ్గర నీళ్లు పట్టి పంపిస్తాం, రిపోర్టు చక్కగా వస్తుంది. చట్నీ జారు కడిగేది, కొత్తిమీర కడిగేది ఏ కుళాయి? ఆ కుళాయి నీళ్లు పంపండి. ఒకటి సంపు నుంచి, ఒకటి అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి నుంచి కూడా.

8. చెడు రిపోర్టు వస్తే

వరుస తప్పొద్దు. అందరూ ముందు బ్లీచింగ్ కొడతారు. కలుస్తున్న చోటు కోయకుండా ఎంత కొట్టినా వారంలో మళ్లీ మొదటికే.

ముందు కుళాయిలకు "తాగొద్దు" అని బోర్డు కట్టి, బయటి నుంచి నీళ్లు తెప్పించండి. తర్వాత 2 నుంచి 5 దాకా మెట్లు చేసి దారి వెతికి కోయండి. సంపు, ట్యాంకులు కడిగించండి. అప్పుడు బ్లీచింగ్. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలంటే, 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి వెయ్యి లీటర్లకు సుమారు 170 గ్రాములు. బకెట్లో కలిపి, తేరనిచ్చి, పైన తేట మాత్రం ట్యాంకులో పోయండి. ఒక్కో కుళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి మూయండి. 24 గంటలు అలా ఉంచి, పూర్తిగా వదిలేసి, కొత్త నీళ్లు పట్టి, మళ్లీ ల్యాబుకు పంపండి.

హెచ్చరికలు రెండు. బ్లీచింగ్ పొడిని బాత్రూమ్ యాసిడ్‌తో కలపొద్దు, అదే బకెట్ కూడా వాడొద్దు, విషవాయువు వస్తుంది. ఆ ఘాటు నీళ్లను ఒక్కసారిగా ఎస్టీపీలోకి వదలొద్దు, అందులో పనిచేసే బ్యాక్టీరియా మొత్తం చస్తుంది, ఇంకో నెల అదో గోల.

9. కాగితాలు

తిండి వ్యాపారం చేసేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) తనిఖీ జాబితాలో ఈ అంశం ఉంది: వాడే నీళ్లు ఐఎస్ 10500కు తగ్గట్టు ఉండాలి, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించి రికార్డు ఉంచాలి. రిపోర్టు ఒక్కటే ఫైల్లో పెట్టకండి. ఒక రిజిస్టరు పెట్టి, 1వ మెట్టులో గీసిన బొమ్మ అట్ట లోపల అంటించండి. ట్యాంకు కడిగిన తేదీ, లైను మూసి చూసిన తేదీ, క్లోరిన్ అంకెలు, ఏ కుళాయి నీళ్లు ల్యాబుకు పంపారో రాయండి. గాలి ఖాళీ దగ్గర టేపు పెట్టి ఫోటో తీసి జతచేయండి. అధికారి అడిగే ప్రశ్నల్లో సగానికి ఆ ఫోటోలే జవాబు చెబుతాయి.

తరచూ వచ్చే ప్రశ్నలు

"మాకు వేసవిలో కూడా నీళ్లు బాగానే వస్తాయి. ఇవన్నీ కావాలా?" వీధిలో ఎక్కడో పైపు పగిలి రిపేరు కోసం లైను ఖాళీ చేస్తే చాలు, మీ పైపు పీల్చడం మొదలెడుతుంది. ఫైరింజన్ వీధి లైన్లోంచి నీళ్లు లాగినా అంతే.

"ఆర్వో ఉంది కదా?" ఆర్వో తాగే నీళ్లకే. పైగా అది క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది కాబట్టి ఆర్వో తర్వాతున్న చిన్న ట్యాంకుకు ఏ కాపలా ఉండదు. ఆ ట్యాంకు ఎప్పుడు కడిగారో గుర్తుందా?

"ఎన్నాళ్లకోసారి ఈ తనిఖీ?" క్లోరిన్ రోజూ. సంపు, గాలి ఖాళీలు మూడు నెలలకోసారి, వానలకు ముందు తప్పకుండా. లైను మూసి చూసే పరీక్ష ఏడాదికోసారి. అది కాక, షాఫ్టులో ఏ రిపేరు జరిగినా, కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఇంటీరియర్ పని చేయించినా ఆ అంతస్తు వరకు 4వ మెట్టు మళ్లీ చేయండి. ప్లంబరు బిల్లు చెల్లించే ముందే.